పదికి రెండు కొసరు

బందరులో గిలకలదిండి రోడ్డు మీద ముత్యాలమ్మ టీకొట్టుకి పొద్దున్నే జనం వచ్చేది కొంత టీ కోసం, కొంత ఆమె మొగుడు నాంచారయ్య కోతల కోసం. పాలు విరిగిన రోజున కూడా బెంచీలు ఖాళీగా లేవంటే రెండోదాని బలమెంతో ఆమెకి తెలుసు. అందుకే ఇన్నేళ్లూ ఆయన నోటికి అడ్డం పడలేదు.

ఆ రోజు మాత్రం పడాలనిపించింది. ఎదురుగా హైస్కూలు డ్రిల్లు మాస్టారు పురుషోత్తం గారు కూర్చున్నారు. ఆదివారం కుర్రాళ్ల బాక్సింగు పోటీలు. కింద పడ్డవాడికి పది లెక్కపెట్టాల్సిన రిఫరీకి పచ్చకామెర్లొచ్చాయి. నాంచారయ్యకి ఒకప్పుడు ఆ ఆటతో సంబంధం ఉందని ఎవరో చెబితే, మనిషిని చూసి ఖాయం చేసుకుందామని మాస్టారు వచ్చారు. నాంచారయ్య అప్పటికే వారం రోజులుగా పెరట్లో కోళ్లని నిలబెట్టి పది లెక్కపెడుతున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి మేకుకి తగిలించాడు. మోకాళ్లు పట్టేసి, పడవ మానేసి, పెళ్లాం కొట్లో గ్లాసులు అందించే మనిషికి నలుగురి మధ్య తెల్లచొక్కాతో నిలబడే అవకాశం మళ్లీ రాదు. రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే పని అయిపోతుంది. రెండు ముక్కలతో ఊరుకోవడం ఆయన జాతకంలో లేదు.

కోత ఎప్పటిలాగే వినయంగా మొదలైంది. తను పెద్ద ఆటగాడేమీ కాదని, డెబ్బై ఒకటిలో ఒకే ఒక్క ఆట ఆడాడని, అది కూడా స్నేహితులు బలవంతపెడితేనే అని చెప్పాడు. రేవు ఇసకలో రింగు కట్టారు. ఎదుటివాడు గుడివాడ వస్తాదు. నాంచారయ్య ఊరికే చెయ్యి చాపితే అది వెళ్లి వాడి గవదకి తగిలింది. వాడు పడ్డ అదురుకి రేవులో కట్టేసిన పడవలు తాళ్లు తెంపుకున్నాయి.

"రూలేంటంటే మాస్టారూ, మీకు తెలియంది కాదు, ఎదుటివాడు పడితే కొట్టినవాడు దూరంగా మూలకెళ్లి నిలబడాలి, లెక్క పూర్తయ్యేదాకా కదలకూడదు. నేను వెళ్లి నిలబడ్డాను. అన్యాయం అక్కడ మొదలైంది. ఆ రిఫరీ ఎవరనుకున్నారు? రేవులో చేపలు లెక్కపెట్టే మనిషి."

పాలగిన్నె కలుపుతున్న ముత్యాలమ్మ తలెత్తింది. పెళ్లికి ముందు రేవులో ఆ పని చేసింది ఈయనే. వెనక బెంచీ మీద, అవనిగడ్డ బస్సు దిగి పోటీలకి మనవడి పేరు రాయించడానికి మాస్టారిని వెతుక్కుంటూ వచ్చిన పెద్దాయన ఒకరు టీ తాగుతున్నారు. ఆయన కూడా గ్లాసు కింద పెట్టారు. నాంచారయ్య వీపు అటే ఉంది కాబట్టి ఆయన్ని చూడలేదు.

రేవులో మొదటి చేపని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ అలవాటుకొద్దీ రిఫరీ లాభం అని మొదలెట్టాడట. అని ఊరుకున్నాడా, వేలంపాటలో లాగినట్టు లాగాడు. ఆ ఒక్క లాభం పూర్తయ్యేలోపు నాంచారయ్య మూలలో నిలబడి ఒక బీడీ తాగేశాడు.

"గ్లౌజులతోనా మావయ్యా?" అన్నాడు ఆటో బాబ్జీ.

"వెలిగించింది వేరేవాళ్లురా. తాగడం వరకే నా పని."

రెండు దగ్గర రిఫరీ చెప్పులో ఇసక దులుపుకున్నాడు. మూడు దగ్గర ఎవరో పెళ్లి శుభలేఖ ఇస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. నాలుగు దగ్గర గుడివాడ బస్సొచ్చింది. అందులోంచి వస్తాదు తల్లి చెంబుతో మజ్జిగ పట్టుకుని దిగింది, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని తాగించింది, మూతి తుడిచింది, అదే బస్సులో వెనక్కి వెళ్లిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదు. ఉత్త ఐదు."

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకున్నారు. దాంతో నాంచారయ్యకి ఇంకా ఊపొచ్చింది. ఆరుకీ ఏడుకీ మధ్య గూడూరు పొలాల్లో నారు పోసి నాట్లు వేశారు. ఎనిమిది అనేసరికి కుప్ప నూర్చి ధాన్యం ఇంటికి చేర్చారు. తను మాత్రం మూల వదల్లేదు, రూలు రూలే. మరి అన్నమో అని బాబ్జీ అడిగితే, క్యారేజీ వచ్చేదన్నాడు. తొమ్మిది దగ్గర పున్నమి పోటొచ్చి రింగుని రింగుగానే లేపుకుపోయింది. వస్తాదు పడుకునే ఉన్నాడు, తను మూలలోనే ఉన్నాడు, రిఫరీ నడిమధ్యన వేలెత్తుకుని తొమ్మిది, తొమ్మిది అంటూనే ఉన్నాడు. అలా మూడు రోజులు సముద్రంలో తిరిగి హంసలదీవి దగ్గర ఒడ్డెక్కారు.

"అప్పుడన్నాడండీ, పది అని. హమ్మయ్య అనుకుని నేను చెయ్యెత్తబోయాను. చేపలు పది లెక్కపెడితే పైన రెండు కొసరు వెయ్యాలిగా. వేశాడు. కొసరు ఒకటి, కొసరు రెండు. ఆ రెండో కొసరుకి లేచాడు వాడు. మజ్జిగ తాగి, నిద్ర తీరి, సముద్రపు గాలి పీల్చి లేచినవాడు ఎలా ఉంటాడండీ? ఒక్కటి పీకాడు. నేను పడలేదు, పడబోయాను. నా వీపు నేలకింకా జానెడు ఎత్తులో ఉండగానే ఒకటి నుంచి పది దాకా టకటకా అయిపోయింది. అందుకే చెబుతున్నాను మాస్టారూ, న్యాయంగా లెక్కపెట్టడం ఎలాగో అన్యాయం తిన్నవాడికే తెలుస్తుంది."

ఆ చివరి మాట నిజంగానే బాగుంది. మాస్టారు జేబులోంచి కాగితం తీసి పెన్ను మూత తిప్పారు. ముత్యాలమ్మ ఊపిరి పీల్చుకుంది.

"కథ బాగుంది నాంచారయ్యా," అన్నారు వెనక బెంచీ పెద్దాయన. "మనుషులే తారుమారయ్యారు. మూలలో నిలబడింది నేను. లాభం అన్నది నువ్వు."

నాంచారయ్య వెనక్కి తిరిగాడు. "సత్తయ్యా, నువ్వా!" అన్నాడు.

ఆ పెద్దాయన కోపంగా ఏమీ లేరు. బస్సు రాలేదు, పోటు రాలేదు, ధాన్యం ఎవరూ నూర్చలేదు అని నెమ్మదిగా చెప్పారు. కొసరు మాత్రం నిజమేనన్నారు. తను కొట్టిన దెబ్బకి పడ్డవాడు పది అయ్యాక పైన వేసిన రెండో కొసరుకి లేచి, తననే పడగొట్టి కప్పు పట్టుకెళ్లాడు. వాడి పేరు వెంకటస్వామి.

వెంకటస్వామి ముత్యాలమ్మ తమ్ముడు. ఆ కప్పు ఇప్పటికీ వాళ్ల పుట్టింట్లో దేవుడి గూటి పక్కనే ఉంది.

మాస్టారి పెన్ను ఆగింది. "బావమరిది కాబట్టి కొసరు వేశారా?" అని అడిగారు.

"అప్పటికి బావమరిది కాదండి," అన్నాడు నాంచారయ్య. చేతిలో ఏ గ్లాసూ లేకపోయినా తుడుస్తున్నట్టు తువ్వాలు తిప్పుతున్నాడు. "ఆ సాయంత్రం వాళ్ల నాన్నని పిల్లనడుగుదామనుకున్నాను. కొడుకు ఓడిపోయి ఇంటికొస్తే ఆయన వారం రోజులు మనిషితో మాట్లాడడు. నేను వారం ఆగలేను."

బాబ్జీ టీ వైపు చూసుకున్నాడు. మొగుడి బలమైన రెక్కలు చూసే తండ్రి తనని ఇచ్చాడని ఇరవై ఏడేళ్లుగా అనుకుంటున్న ముత్యాలమ్మ, అల్లం దంచి, పాలు ఎక్కువ పోసి, కొత్తగా ఒక టీ కలిపింది. తనే తీసుకెళ్లి సత్తయ్య చేతికిచ్చింది.

"ఆ రోజు నీకు జరిగింది తప్పే అన్నయ్యా," అంది.

"నా సంగతి పోనీ తల్లీ. కప్పు పోయిందని ఇప్పుడు ఏడుస్తానా. ఆదివారం నా మనవడు ఆడుతున్నాడు. రిఫరీగా ఇప్పుడీయన పేరే రాస్తున్నారు. అదీ నా బెంగ."

మాస్టారు ఆమె వైపు చూశారు. నాంచారయ్య మేకుకి వేలాడుతున్న తెల్లచొక్కా వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. అది ముత్యాలమ్మ కంట పడనే పడింది.

"బెంగ పెట్టుకోకన్నయ్యా," అంది. "మా నాన్నకి నేనొక్కదాన్నే కూతుర్ని, కొసరు వేసి అడగడానికి ఇంకో పిల్ల లేదు. పేరు రాసుకోండి మాస్టారూ."