పురుషోత్తం సార్ బోర్డులో కాసిన ఎండ

లాల్‌దర్వాజాలో మా ఇంటి అరుగు మీద పొద్దుటి చాయ్ నడుస్తోంది. లాడ్ బజార్‌లో గాజులమ్మే బేబీ, తన బిడ్డ మాన్యను ట్యూషన్ మాన్పిస్తానని, అక్కడే చాయ్ తాగుతున్న పురుషోత్తం సార్‌కు చెప్పడానికి వచ్చింది. సోమవారం లెక్కల పరీక్ష, ట్యూషన్‌లో పిల్లకు భిన్నాలు ఒక్కటీ ఎక్కలేదు. సార్ ఈ మధ్యే ట్యూషన్‌కు స్మార్ట్ బోర్డు కొన్నాడు. ఇక ఆయన్ని ఆపడం మా గల్లీలో ఎవరి వల్లా కాదు.

"మాన్పిచ్చుడేంది చెల్లె? ముందుగాల నా మాట ఇను. బోర్డు వచ్చిన మొదటి రోజు, నీళ్లు ఆవిరై మబ్బులెట్లయితయో చిన్న వీడియో చూపెట్టిన, గంతే. సుద్దముక్కతోని నెల రోజులు మొత్తుకున్నా ఎక్కని పాఠం ఒక్క గంటల ఎక్కింది. ఎక్కుడంటె గిట్ల గట్ల గాదు, వీడియోల వాన మొదలయ్యేసరికి పిల్లలు ఉరికిపోయి దండెం మీది బట్టలు తీసుకొచ్చిన్రు!"

"బయట వాన పడ్డదా సార్?" టైలర్ సీతారాం అడిగాడు.

"యాడిది భాయ్, మండే ఎండ! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మర్నాడు సూర్యుని పాఠం. స్క్రీన్ మీద సూర్యుడు వచ్చిండో లేదో, ముందు బెంచోళ్లకు చెమటలు. పక్కింటి విమలాదేవమ్మ కిటికీలకెళ్లి చూసింది. నాయినా, జెర ఆ సూర్యుణ్ని ఆపకు అని, చాటెడు వడియాలు తెచ్చి బోర్డు ముంగట ఎండవెట్టింది. పాఠం అయ్యేసరికి కరకర!"

"ఆ రోజు వాన వీడియో పెట్టలే, మంచిదైంది," అన్నాడు సీతారాం, ఎక్కడా నవ్వకుండా.

"అసలుది ఇంక ఇనలే నువ్వు. భిన్నాలు! స్క్రీన్ మీద ఇంత పెద్ద రొట్టె. మధ్యల కోసిన, సగం. మళ్ల కోసిన, పావు. పిల్లలు గుడ్లప్పగిచ్చి చూసిన్రు. ఇంటికి పోయినంక ఒక్కరన్న అన్నం ముట్టలే! తల్లులందరు ఒకటే లొల్లి, మా పిల్లలకు ఏం తినవెట్టిన్రని. మర్నాడు చూస్తె బోర్డుల రొట్టె ముక్క ఒకటి తక్కువుంది. కింద చీమల బారు! సైదాబాద్ దాంక ఉంది, నేనే బండి మీద పోయి చూసొచ్చిన. ఫికర్ చెయ్యకు చెల్లె, సోమవారం నీ బిడ్డకు నూటికి నూరు."

బేబీ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"రొట్టె ముచ్చట మా పిల్ల గూడ మస్తు చెప్పింది సార్. దాని రంగు గూడ చెప్పింది. రెండు పావులు కలిపితె ఎంత అంటె మాత్రం నోరు తెరవలే. వారం కింద దుకాణంల నా పక్కన కూసోవెట్టుకున్న. గాజుకు రెండు-నాలుగు అని సైజుంటది గద. రెండంగుళాలు, ఇంకో అంగుళాన్ని పదారు పాళ్లు చేస్తె అండ్ల నాలుగు. అంటె ఎంత బిడ్డా అన్న. జెరసేపు గాజును చేతిల తిప్పి, రెండుంబావు అమ్మా అన్నది. రెండు-ఎనిమిది ఎంత అంటె, రెండున్నర అన్నది. నాకు ఏడుపొచ్చింది సార్."

"గాజులతోని చదువా?" సార్ పెద్దగా నవ్వాడు. "అది పాతకాలం చెల్లె. గిప్పటి పిల్లలు స్క్రీన్ లేకుంటె కూసోరు."

"కూసుంటున్రు సార్. మీ బిడ్డ వాగ్దేవి నాలుగు రోజులసంది మా దుకాణంలనే కూసుంటుంది. నాన్నకు చెప్పకు అత్తా అన్నది. గందుకే ఇన్ని రోజులు చెప్పలే."