పరదేశంలో పరుపుల దుకాణానికి కాపలా

"దుకాణం ఎవడైనా తెరుస్తాడమ్మా. రాత్రి మూసినది పొద్దున్నే వెళ్ళేసరికి ఇంకా అక్కడే ఉండేలా చూసుకోవడం ఉంది చూశావా, అదీ పని," అన్నాడు విదేశం మామయ్య, టీ గ్లాసు పెదాల దాకా తెచ్చి, తాగడం మర్చిపోయి.

బయట సన్నగా వాన. టీ కొట్టు రేకు మీద ఎవరో బియ్యం చల్లుతున్నట్టు చప్పుడు. కుర్రతనంలో ఏదో కంపెనీ తరఫున సముద్రం దాటి వచ్చానని ఆయనే చెప్పుకుంటాడు కాబట్టి ఆయనకా పేరు. పక్కన కూర్చున్నది ఆయన మేనకోడలు. పరుపులు కుట్టే కార్ఖానా నడుపుతుంది, వచ్చే నెలలో సముద్రం అవతల ఒక ఊళ్ళో కొత్త దుకాణం తెరవబోతోంది. అక్కడి భాష రాదు, తెలిసిన మనిషన్నవాడు లేడు. సరుకు ఎవరు ఎత్తుకుపోతారో, ఎవరిని నమ్మి మునుగుతానో అని ఆమెకు కంటి మీద కునుకు లేదు. నువ్వూ తోడు రా మామయ్యా అని అడగడానికే వచ్చింది. ఆయన అడగనిస్తేగా!

"మా కంపెనీ కూడా పరుపులదే. ఓనరు నన్ను పిలిచి, ఒరే, అమ్మేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు, భయపడేవాడు ఒక్కడు కావాలి, ముందు నువ్వెళ్ళి ఏమేం జరగొచ్చో చూడు అన్నాడు. వెళ్ళాను. దుకాణానికి తాళం చూస్తే ఏనుగు తల అంత ఉంది. అందరూ తాళాన్ని మెచ్చుకుంటున్నారు, నేను తలుపు పక్కకి చూశాను. బందులు, మరలతో సహా, వీధి వైపుకే ఉన్నాయి! మర తిప్పడం వచ్చినవాడెవడైనా తాళం జోలికి పోకుండా తలుపే ఊడదీసుకుపోవచ్చు. ఆ పూటే తలుపు తిరగేసి బిగించాను."

"అది మంచి పనే," అంది పొయ్యి దగ్గరి టీ కొట్టు అక్క.

"అది పనే కాదు చెల్లెమ్మా, ఒళ్ళు విరుచుకోవడం! అక్కడ మాకు ఒక భాగస్వామి ఉండేవాడు, నవ్వితే వెన్న కారుతుంది. నా మాట వాళ్ళ భాషలో చెప్పడానికి తన మనిషినే ఇచ్చాడు. నేను 'సరుకు రేపొస్తుంది' అని ఒక్క ముక్క అంటే, వాడు ఆ భాషలో అరగంట చెప్పేవాడు. రేపొస్తుంది అనడానికి అరగంటెందుకు? నాకు అనుమానం తగిలింది. సంతలో గట్టు మీద కూర్చుని బేరాలు వింటూ సాయంత్రానికల్లా ఆ భాష నేర్చేసుకున్నాను."

"ఒక్క పూటలోనా?" అన్నాడు ఎదురు బల్ల మీది ఫోటో స్టూడియో ఆయన.

"మధ్యలో వాన పడింది కాబట్టి గానీ, లేకపోతే ఇంకా ముందే వచ్చేసేది. విన్నాను కదా, వాడు మన బళ్ళు ఏ దారిన వస్తాయో దొంగలకి అప్పజెప్తున్నాడు! సరేనని ఖాళీ బళ్ళు పెద్ద దారిన పంపి, పరుపుల్ని ఏటి దారి పట్టించాను. పడవ లేదు. అయితేనేం, మా దూది ఎంత తేలికంటే, కట్లు విప్పగానే పొగమంచులో వాటంతటవే లేచి, కొంగల బారులా అవతలి ఒడ్డుకి వెళ్ళి వాలాయి. నేను చివరి పరుపు మీద బోర్లా పడుకుని, చేత్తో నీళ్ళని తాకుతూ వెళ్ళాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దొంగలొచ్చారా?" అంది మేనకోడలు. గ్లాసులో ఆమె టీ మీగడ కట్టింది.

"రాకేం! దుకాణంలో దూరి, ఎంత మెత్తగా ఉందో అని ఒకడు పరుపు నొక్కి చూశాడు. ఆ నొక్కిన చెయ్యి అక్కడే, దాని వెనకాల తల అక్కడే. ఇక అందరూ నిద్రే. నేను పట్టివ్వలేదమ్మా, దుప్పటి కప్పాను. పొద్దున అద్దాల్లోంచి వాళ్ళ మొహాలు చూడ్డానికి ఊరంతా వచ్చింది. అంత హాయిగా మనిషి నిద్రపోవడం వాళ్ళెప్పుడూ చూళ్ళేదట. సాయంత్రానికి ఇంటికో పరుపు. చీకటి పడకముందే దేశమంతా నిద్ర!"

"పోలీసులు?"

"వాళ్ళే ముందు. రేవులో ఓడలు కూత వెయ్యడానికి మొహమాటపడ్డాయి. గడియారాలు ముల్లు కదిపితే చప్పుడవుతుందని ఆగిపోయాయి. ఒక కొట్టుకి కాపలా పోయినవాణ్ణి, దేశానికి కాపలా అయ్యాను. ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు ఆర్పాను, కుళాయిలు కట్టేశాను, జారిన దుప్పట్లు పిల్లల మీదకి లాగాను. ఇళ్ళ కప్పుల మీద కలలు పొగలా లేచి, ఒకరి కల ఇంకొకరి పెరట్లో దిగుతోంది. అప్పుడు పక్క దేశం సైన్యం వచ్చింది."

"అయ్యో!" అంది మేనకోడలు నిజంగానే.

"నేను నడిదారిలో నిలబడి నోటి మీద వేలేసుకున్నాను. అంతే. సేనాపతి ముందు బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాడు. గుర్రాలు మునివేళ్ళ మీద నడిచి, తోక చుట్టుకుని పడుకున్నాయి. ఇంతలో తూర్పున తెల్లారబోతోంది. పిల్లలకి నిద్ర చాల్లేదని, గడియారస్తంభం ఎక్కి, ఆ వెలుగుని అంచు పట్టుకుని, దుప్పటి లాగినట్టు మెల్లగా..."

"అదంతా బాగుంది మామయ్యా," అన్నాడు ఫోటో ఆయన. "మరి పొద్దున నా స్టూడియోలో జీవితంలోనే మొట్టమొదటి పాస్‌పోర్టు ఫోటో దిగిందెవరు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ అవసరం పడలేదోయ్ అన్నదెవరు? పైగా లైటు వెలిగినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుని కుర్చీ పట్టుకున్నావు. ఒక్కటీ పనికిరాలేదు!"

టీ కొట్టు అక్క గరిటె వదిలేసి నవ్వింది. మామయ్య చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. మేనకోడలు నవ్వలేదు.

"పాస్‌పోర్టు నీకెందుకు మామయ్యా?"

"ఎందుకంటే... నువ్వు ఒక్కదానివే వెళ్తున్నావు కదమ్మా. రమ్మని అడుగుతావేమోనని." ఆయన గొంతు తగ్గింది. "అడక్కపోయినా ఫరవాలేదనుకో."

ఆమె లేచి, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. "పద, మళ్ళీ ఫోటో దిగుదువు గాని. ఈసారి లైటు పక్కన నేను నిలబడతాను. నన్నే చూస్తూ ఉండు."

మామయ్య చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆమె చెవి దగ్గర అన్నాడు:

"అది మామూలు లైటు అనుకుంటున్నావేమో..."