జవాబు ఆయనది, కోటు అక్కది

1992 జులై 17, శుక్రవారం, ఉదయం పది దాటి ఐదు నిమిషాలకు మన విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగపు హాజరుపట్టీలో ఒక కొత్త సంతకం పడింది. సంతకం చేసిన చెయ్యి కడుక్కున్నదే గానీ గోళ్ళలో మట్టి ఉంది. కాళ్ళకు చీలమండలు దాటిన తోలు బూట్లు, ఒంటి మీద కాన్వాసు ప్యాంటు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన చొక్కా, భుజాన సుత్తి బరువుకు ఒక పక్కకు జారిన సంచి. ఆనాటి విభాగాధిపతి గారు ఆమెను బూట్ల నుంచి పైకీ, పైనుంచి బూట్లకూ ఒకసారి చూసి, "ఉద్యోగం వచ్చిన అమ్మాయి ఏదమ్మా? నువ్వు ఆవిడ సామాను తెచ్చావా?" అని అడిగారు.

"సామానూ నేనే తెచ్చాను, అమ్మాయినీ నేనే సార్," అన్నారామె.

ఆనాటి నుంచి ఈ జూన్ ముప్పయ్యో తేదీ దాకా ముప్పై మూడేళ్ళ పాటు అదే తీరు బూట్లతో, అదే తీరు జవాబులతో ఈ భవనంలో తిరిగిన ఆ విదుషీమణి అసలు పేరు జీతాల సెక్షనుకు తప్ప మరెవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ బూట్ల మేడమ్. ఈ సంచికకు అభినందన వ్యాసం రాయమని మా బోధనేతర సిబ్బంది సంఘాన్ని కోరారు. పొగడ్త మాకు చేతకాదు. జరిగింది రాస్తాం, చదివినవాళ్ళు పొగుడుకోవచ్చు.

విభాగాధిపతి గారు గుర్తుపట్టకపోవడానికి కారణం ఉంది. ఇంటర్వ్యూ రోజున ఆయన చూసింది వేరే మనిషిని. ఆ ఉదయం ఆమె అక్క, బీమా కంపెనీలో ఆఫీసరు, చెల్లెల్ని వాకిట్లోనే ఆపేసి, "ఈ అవతారంతో వెళితే నిన్ను గేటు దగ్గరే రాళ్ళు కొట్టే పనికి తీసుకుంటారే," అని తన ముదురు నీలం కోటు తొడిగింది, తన నల్లబూట్లు వేయించింది. కోటు భుజాల దగ్గర కాస్త వదులు, బూట్లు వేళ్ళ దగ్గర బాగా బిగుతు. ఆ వేషంతో ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంటే పక్కన ఒకాయన కూర్చున్నాడు. చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకున్నది, చెప్పు పట్టీ దారంతో కట్టుకున్నది. కాలక్షేపానికి మాటలు కలిశాయి. కొండరాయి పైన ఎర్రగానూ లోపల నల్లగానూ ఎందుకుంటుందో తనకెప్పుడూ సరిగ్గా చెప్పడం రాదని ఆమె అంటే, ఆయన నవ్వాడు.

"పైరంగు రాయిది కాదండీ. గాలీ నీళ్ళూ తొడిగిన చొక్కా. పగలగొట్టి లోపల చూస్తే గానీ రాయి పేరు చెప్పకూడదు," అన్నాడు.

పావుగంట తర్వాత లోపల ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె ఆయన మాటే అప్పజెప్పారు. కమిటీ తలలు ఊపింది. తర్వాత లోపలికెళ్ళిన ఆయన మూడు నిమిషాల్లో బయటికొచ్చాడు. "ఏమడిగారండీ?" అంటే, "ఏ ఊరి నుంచి వచ్చావని అడిగారు," అని చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆమె ఆయన పేరు అడగలేదు. జవాబు ఆయనది, కోటు అక్కది. మరి ఉద్యోగం నాదెలా అయింది అన్న ముల్లు ఆ రోజు గుచ్చుకుని, చాలా ఏళ్ళు, ఎవరికీ చెప్పుకోకుండా లోపలే ఉండిపోయింది.

ముల్లున్న కాలితో కూడా మనిషి నడుస్తుంది, ఆవిడైతే కొండలెక్కారు. 1995లో పీహెచ్‌డీ, 2001లో రీడరు పదవి, 2009లో ప్రొఫెసరు పదవి, మధ్యలో నలభై ఏడు క్షేత్రయాత్రలు, ఈ చుట్టుపక్కల క్వారీలన్నిటికీ ఆవిడే గీసిన పటాలు. ప్రతి ఏడూ మొదటి పాఠం ఒక్కటే: తొట్టిలోంచి ఒక నల్లరాయి తీసి ఇదేమిటో చెప్పమనడం. పిల్లలంతా అగ్నిశిల అనేవాళ్ళు, బసాల్టు అనేవాళ్ళు. నిజానికది రాయే కాదు, పాత ఇనుప కొలిమి దగ్గర దొరికిన చిట్టెం, ఇనుము కరిగించాక మిగిలే మడ్డి. పైకి చూస్తే పెద్ద పెద్దవాళ్ళు మోసపోతారు. "పగలగొట్టమని మీలో ఒక్కరూ అడగలేదేం?" అని ఆవిడ అడిగేవారే గానీ, అదేమిటో ఎవరికీ చెప్పేవారు కాదు. ఆ ముక్క అలా ఏళ్ళ తరబడి చెక్కు చెదరకుండా ఉండిపోయింది.

ఇక ఆ నీలం కోటు. అక్కకు తిరిగి ఇవ్వలేదు. నమూనాల గది తలుపు వెనక మేకుకు వేలాడదీశారు. తాత్కాలిక పద్ధతి మీద పాఠాలు చెప్పే ఆడపిల్లలు ఎవరు ఇంటర్వ్యూకి వెళ్ళినా దాన్ని తొడుక్కుని వెళ్ళడం ఆ విభాగంలో ఆచారమైంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు కోటు మేకుకు తగిలిస్తూ జేబులో ఒక గులకరాయి వేసేవాళ్ళు. ఏడు గులకరాళ్ళు పడేసరికి జేబు కుట్టు పిగిలింది. మా వాళ్ళే కుట్టి పెట్టారు. సంతోషంగానే ఉండేది. ఆవిడ మాత్రం ఒక్కో గులకరాయి పడినప్పుడల్లా కోటును గుర్రుగా చూసేవారు, మళ్ళీ నువ్వే గెలిచావా అన్నట్టు.

2010లో చేరిన చిన్నమేడమ్ ఆ కోటు తొడుక్కోనంది. 2019 నాటికి తొమ్మిదేళ్ళుగా తాత్కాలికం, ఇద్దరు పిల్లల తల్లి, ఆసిడ్ చుక్కలు పడి చిల్లులైన గోధుమరంగు చొక్కాతోనే పాఠం, ప్రయోగం, అన్నీ. అప్పటికి మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళింది. మా సంఘం దరఖాస్తు పెట్టి మార్కుల కాగితాలు బయటికి తీయించింది. సబ్జెక్టులో ప్రతిసారీ మొదటి స్థానం. చివర మూర్తిమత్వం అని ఒక గడి, దానికి పది మార్కులు. అందులో ఆమెకు వరుసగా రెండు, రెండు, ఒకటి. ఆ గడిలో కొలిచేది మనిషిని కాదు, ఇస్త్రీని. ఈ మాట అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం.

2019 ఫిబ్రవరిలో నాలుగో పిలుపు వచ్చింది. అప్పటికామెకు నలభై నిండడానికి నాలుగు నెలలు. నిండితే ఇక దరఖాస్తే చెల్లదు.

"ఈ ఒక్కసారికి తొడుక్కోవే తల్లీ," అన్నారు విభాగాధిపతిగా ఉన్న బూట్ల మేడమ్, కోటు చేతిలో పట్టుకుని.

"తొమ్మిదేళ్ళు పాఠానికి పనికొచ్చిన చొక్కా అరగంట ఇంటర్వ్యూకి పనికిరాదా మేడమ్? మీరే కదా పైచొక్కా చూసి పేరు పెట్టొద్దంటారు. అది రాళ్ళకేనా?"

బూట్ల మేడమ్ కోటు మేకుకు తగిలించి నేరుగా రిజిస్ట్రారు గారి గదికి వెళ్ళారు. ఆ గడి తీసెయ్యమన్నారు.

"తీసెయ్యలేమండీ, కాగితం అచ్చయిపోయింది," అన్నారు రిజిస్ట్రారు.

"సరే, గడి ఉండనివ్వండి. చొక్కాలు కప్పేద్దాం."

అలా పుట్టింది ఆ పద్ధతి. ఎంపిక మొదటి భాగం నమూనాల గదిలో జరగాలి. లోపలికి అడుగుపెట్టే ప్రతివాళ్ళూ, కమిటీతో సహా, మోకాళ్ళ దాకా తెల్ల అప్రాన్ తొడగాలి. అభ్యర్థులకు పేర్లుండవు, ఛాతీ మీద నంబరు మాత్రమే. తన మనిషి పోటీలో ఉంది కనుక మేడమ్ ఆ గదిలోకి రాకుండా పక్క గదిలో కూర్చున్నారు. మార్కులు వెయ్యాల్సింది డీన్ గారూ, బయటి నుంచి వచ్చే నిపుణుడూ. డీన్ గారిది వాణిజ్యశాస్త్రం, రాళ్ళంటే ఆయనకు కిడ్నీలో వచ్చేవే తెలుసు. అందుకని జవాబుల కాగితం ఆయన చేతికిచ్చారు.

తలుపు దగ్గర మా ల్యాబ్ అటెండర్. దేవుడొచ్చినా అప్రాన్ లేనిదే లోపలికి పంపని మనిషి. ఆరో నంబరు అభ్యర్థి రాలేదు. రైలు ఆలస్యమై పది నిమిషాలు వెనకబడి, సూటూ టైతో, చెమటలు కక్కుతూ నిపుణుడు వచ్చారు.

"నేను నిపుణుణ్ణయ్యా," అన్నారాయన.

"లోపలున్నవాళ్ళంతా నిపుణులే సార్. చెయ్యి ఇటు పెట్టండి," అంటూ మావాడు టై కూడా కనబడకుండా మెడ దాకా గుండీలు పెట్టేసి, మిగిలిపోయిన ఆరో నంబరు ఛాతీ మీద గుచ్చి లోపలికి తోశాడు. కంగారులో ఒక గుండీ తప్పింది, కింది నుంచి పైదాకా అప్రాన్ వంకరపోయింది.

లోపల, నిపుణుడు ఇంకా రాలేదనుకుని ఒక్కరే మొదలుపెట్టేసిన డీన్ గారు నల్లరాయి చూపించి "ఇదేమిటండీ?" అన్నారు. నిపుణుడు తన సలహా అడుగుతున్నారనుకుని, స్టూలు లాక్కుని కూర్చుని, బసాల్టు గురించి ఏడు నిమిషాలు ధారాళంగా ఉపన్యసించారు. డీన్ గారు జవాబుల కాగితం చూసి సున్నా వేశారు. మిగతా అభ్యర్థులదీ బసాల్టే. మూడో నంబరు అప్రాన్ వంతు వచ్చింది.

"సుత్తి వాడొచ్చా అండీ?"

డీన్ గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "వాడకూడదని ఇందులో లేదు," అన్నారు.

ఒక్కటే దెబ్బ. రాయి రెండు చెక్కలైంది, లోపల ఇనుప పూస తళుక్కుమంది. "ఇది రాయి కాదండీ. కొలిమి చిట్టెం," అందామె. పక్క గదిలో ఆ చప్పుడు విని బూట్ల మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారని, తర్వాత చాలాసేపు కూర్చోలేదని అటెండర్ చెబుతాడు.

మధ్యాహ్నం మార్కులు కూడటానికి, విభాగాధిపతిగా మేడమ్‌తో సహా, ముగ్గురూ కూర్చున్నారు. అప్రాన్లు తీసేశారు.

"ఆరో నంబరుకు సబ్జెక్టులో సున్నా," అని చదివారు డీన్ గారు.

"ఆరో నంబరు రాలేదు కదండీ," అన్నారు మేడమ్.

"రాకపోవడమేమిటి, అందరికన్నా ఎక్కువ మాట్లాడింది ఆయనే," అంటూ తలెత్తిన డీన్ గారు ఎదుటి కుర్చీలో సూటునీ, టైనీ, వాటి పైనున్న ముఖాన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసి, మిగతా వాక్యం మింగేశారు.

నిపుణుడి ముఖం కందగడ్డైంది. "ఈ ఎంపిక చెల్లదు. రద్దు చెయ్యండి. వచ్చే ఏడు మళ్ళీ పిలుచుకోండి," అన్నారు.

వచ్చే ఏడు అంటే చిన్నమేడమ్‌కు ఎన్నటికీ లేదు అని అర్థం. బూట్ల మేడమ్ లేచారు. ఇరవై ఏడేళ్ళుగా గొంతు దాటని మాట ఆ గదిలో, ఇద్దరు పెద్దల ముందు, కాగితం మీదికి ఎక్కితే తన కొలువుకే మచ్చ అని తెలిసి కూడా చెప్పేశారు.

"అలా అయితే నాదీ చెల్లదు సార్. కోటు అక్కది, జవాబు పక్కన కూర్చున్నాయనది. తిరగేసి కుట్టిన కాలరుందని ఆయన్ని మీబోటి పెద్దలు ఊరి పేరు తప్ప ఏమీ అడక్కుండానే పంపేశారు. రాసుకోండి, ముందు నన్ను రద్దు చెయ్యండి."

"ఆయన ఏమయ్యాడు?" అన్నారు నిపుణుడు.

"తెలీదు సార్. పేరు కూడా అడగలేదు. నా తప్పు అదే."

నిపుణుడు డీన్ వైపు తిరిగారు. "నాకు మూర్తిమత్వానికెంత వేశారు?"

"మూడు సార్."

"ఎందుకు మూడు?"

"గుండీలు వంకరగా ఉన్నాయి. కూర్చోమనకుండానే కూర్చున్నారు. కాస్త పొగరనిపించింది సార్," అన్నారు పాపం డీన్ గారు, అబద్ధం చేతగాని మనిషి.

పొద్దున టై కనబడి ఉంటే దాన్నే హుందాతనం అనేవాళ్ళు. ఆ సంగతి ఆ ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది. మొదట నవ్వింది నిపుణుడే, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా. తర్వాత కలం తీసి, ముందు తన మూడును కొట్టేసి, పైనుంచి కిందిదాకా ఆ గడి మొత్తాన్ని ఒకే గీతతో కొట్టేసి సంతకం పెట్టారు. "అచ్చయినదాన్ని తీసెయ్యలేరు, సరే. కొట్టెయ్యొచ్చు కదా," అన్నారు. గడి పోయాక మొదటి స్థానం మూడో నంబరుది, అంటే మా చిన్నమేడమ్‌ది. ఆ మరుసటి ఏడు అచ్చయిన కాగితాల్లో ఆ గడి లేదు. ఇప్పుడు మన విశ్వవిద్యాలయంలో ఏ విభాగం వెతికినా కనబడదు.

మొన్న జూన్ ముప్పైన వీడ్కోలు సభకు అక్కగారు వచ్చారు. ఎనభై దగ్గరపడినా గొంతు తగ్గలేదు. మైకులో అందరూ విద్వత్తు గురించి మాట్లాడుతుంటే ముందు వరసలోంచి, "అదంతా సరే గానీ నా కోటు ఎప్పుడిస్తావే?" అన్నారు. చిన్నమేడమ్ లేచి వెళ్ళి, మేకు మీంచి కోటు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. అక్కగారు జేబులో చెయ్యి పెట్టారు.

"ముప్పై మూడేళ్ళ తర్వాత ఇస్తూ జేబు నిండా ఈ రాళ్ళేమిటే?"

లెక్కపెడితే ఎనిమిది. ఏడు గులకరాళ్ళు, ఒక చిట్టెం చెక్క. ఆ ఎనిమిదోది కోటు తొడుక్కోకుండా గెలిచిన మనిషి వేసింది. బూట్ల మేడమ్ దాన్ని అరచేతిలో తిప్పి చూసి, "నా రాయి పగలగొట్టింది చాలక అక్క జేబు కూడా చింపుతావటే," అని, కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఎవరి చొక్కా అని చూడకుండా పక్కనున్న చిన్నమేడమ్ భుజాన్ని వాడుకున్నారు.

మేడమ్, మా సంఘం మీకు కొత్త బూట్లు చేయించింది. కొలత అటెండర్‌కు నోటికొచ్చు. అరికాలు మందం, ఒక జత పదేళ్ళు వస్తుందని కుట్టినాయన మాట. ఈ జత అరగనివ్వండి, ఆపైన మరో మూడు జతలు అరగనివ్వండి. మోకాళ్ళు నొప్పి ఎరగకుండా, ఊపిరి తగ్గకుండా, ఎక్కని కొండ మిగలకుండా తిరగండి. దారిలో ఎక్కడైనా తిరగేసి కుట్టిన కాలరు మనిషి, ఇప్పటికి జుట్టు నెరిసి, బెంచీ మీద కనబడితే పక్కన కూర్చోండి. ఈసారి పేరు అడగండి.