గ్లాసు మీద చెంచా

ఎల్లుండే లా కాలేజీ ఎంట్రెన్సు. చేతికి పిండికట్టుతో నానమ్మ మంచం మీద ఉంది. పక్కనే కుర్చీలో మనవరాలు చదువుతోంది, లేదా చదువుతున్నాననుకుంటోంది.

“ఇందాక చదివిందే మళ్లీ చదివావే.”

“లేదు నానమ్మా, ఇది వేరే ప్రశ్న.”

“ఇందులోనూ కొట్టువాడే ఉన్నాడుగా?”

“అందులో తూకం మోసం. ఇందులో నేల కడిగాడు. తడిగా ఉందని ఎవరికీ చెప్పలేదు. వచ్చినామె జారిపడింది. తప్పెవరిది?”

“ఆమెదే. కింద చూసుకుని నడవొద్దూ?”

“కాదు, కొట్టువాడిదే. వచ్చేవాళ్లు పడకుండా చూడాల్సిన బాధ్యత వాడిది.”

“పాపం, ఏ పని తొందరలో ఉన్నాడో.”

“ఏ తొందరైతే ఏం? తప్పు తప్పే!”

“అరవకే లాయరమ్మా. విరిగింది చెయ్యి, చెవులు కాదు.”

“సారీ.”

“నీ ఫోను మోగుతోంది.”

“అమ్మ. తర్వాత మాట్లాడతాలే.”

“పొద్దున్నించీ ఇదే మాట. ఎత్తు.”

“ఎత్తితే మళ్లీ నువ్వెలా పడ్డావని మొదలుపెడుతుంది.”

“కాలు తిమ్మిరెక్కి పడ్డానని చెప్పాగా.”

“నువ్వు చెప్పావు. నేను తలూపాను.”

“చాల్లే, అంతకన్నా ఏం కావాలి? అదిగో, తలుపు కొడుతున్నారు. కిందింటావిడే, మోటారు వెయ్యమని. వేసి రా.”

“వేసొచ్చా. నానమ్మా, మంచినీళ్లేమన్నా కావాలా?”

“వద్దు.”

“కిటికీ మూయనా?”

“వద్దే.”

“పోనీ ఫ్యాను?”

“ఏమిటివాళ ఇంత మర్యాద? మొన్నటిదాకా పిలిస్తే పుస్తకం టేబుల్ మీద టప్పున కొట్టి మరీ వచ్చేదానివి.”

“మరి నువ్వు ఊరుకునేదానివా? గ్లాసు మీద చెంచాతో టింగు టింగుమని ఒకటే మోత. నీళ్లంటావు, తెస్తే గుక్కెడు తాగి పక్కన పెడతావు. ఫ్యాను పెంచమంటావు, పెంచగానే తగ్గించమంటావు. అదీ సరిగ్గా నేను...”

“సరిగ్గా నువ్వు?”

“ఏం లేదు.”

“అయితే చదువు.”

“నానమ్మా, ఆ చెంచా...”

“వంటింట్లోకి పోయుంటుందిలే.”

“వంటింట్లో లేదు. నా దిండు కింద ఉంది.”

“ఊఁ.”

“నువ్వు పడుకున్నప్పుడు నేనే తీసుకెళ్లా. ఒక్క మధ్యాహ్నం, ఒక్క మధ్యాహ్నం ప్రశాంతంగా చదువుకుందామని. ఆ మోకాళ్లతో ఒక్కదానివే లేవకూడదనేగా అమ్మ చెంచా పెట్టింది? నీకేదో కావాల్సొచ్చింది, మోగించడానికి లేదు, లేచావు, పడ్డావు. తిమ్మిరీ లేదు, ఏమీ లేదు. ఆ కొట్టువాణ్ణి నేనే నానమ్మా.”

“తెలుసులే.”

“తెలుసా? మరి అమ్మతో అబద్ధమెందుకు చెప్పావు?”

“పరీక్ష ముందు తిట్లెందుకని. ఏడవకు, పుస్తకం తడుస్తుంది.”

“ఇంకేం పుస్తకం? పోనీ ఆ రోజన్నా చదివానా? చప్పుడు లేదు కదాని హాయిగా పేజీ మీద తల వాల్చేశా. నువ్వు పడ్డ చప్పుడుకే లేచా.”

“అదీ తెలుసు.”

“అదెలా తెలుసు?”

“నువ్వు పైకి చదువుతావు కదే. గోడ అవతలే ఉంటాగా, వింటూనే ఉంటా. గొంతు ఆగిందంటే కునుకు పట్టినట్టే.”

“ఆగితే?”

“మోగించేదాన్ని. మొదట్లో నువ్వేగా అన్నావు, నిద్రొస్తే ఎలాగోలా లేపు నానమ్మా అని?”

“మరి నీళ్లు? ఫ్యాను?”

“వచ్చినదానికి ఏదో ఒకటి చెప్పొద్దూ? నిద్రపోయావే అంటే చిన్నబుచ్చుకుంటావు.”

“అయితే ఆ రోజెందుకు లేచావు? ఏం కావాల్సొచ్చింది నీకు?”

“నాకేం కావాలే? నీ గొంతు ఆగిపోయింది. తడుముకుంటే చెంచా కనపళ్లేదు. నేనే వచ్చి లేపుదామని లేచా.”