ఆగిన ప్రింటరు, నిలిచిన ఉద్యోగం: శ్రీమతి షీబా గారికి అభినందన

శ్రీమతి కొక్కిలిగడ్డ షీబా గారు 1990 ఆగస్టు ఆరవ తేదీ సోమవారం నాడు మచిలీపట్నంలోని మన సాగరతీర ఆరోగ్యాలయంలో, రోగుల నమోదు విభాగపు టైపిస్టుగా విధులలో చేరారు. ఆ ఏడాది మే నెలలో విరుచుకుపడిన తుపానుకు ఆసుపత్రి కింది అంతస్తులో నీరు నిలిచి, రోగుల వివరాల కాగితాలు అట్టకట్టుకుపోయి ఉన్న రోజులవి. నాగాయలంకలో పుట్టి పెరిగి, గాలివాన వెలిసిన తర్వాత ఇల్లు ఎలా సర్దుకోవాలో చిన్ననాటి నుంచీ ఎరిగిన ఆమెకు ఆ పని కొత్తగా తోచలేదు. తడి కాగితాలను విడదీసి, ఫ్యాను కింద ఆరబెట్టి, చదవగలిగినంత చదివి తిరిగి టైపు చేయడమే ఆమె తొలి బాధ్యత. అక్షరం చెరిగిపోయిన చోట ఆమె ఖాళీ వదిలేసేవారు. "తెలీని చోట ఏదో ఒకటి కొట్టెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అని పై గుమాస్తా అంటే, "చూసేది డాక్టరు గారండీ, మందు మింగేది రోగి అండీ" అని ఆమె ఇచ్చిన సమాధానాన్ని ఆనాటి పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆ దశాబ్దం మధ్యలో ఆసుపత్రికి యూనిక్స్ కంప్యూటరు వచ్చింది. బొమ్మలు లేని ఆ నల్లని తెరను, దానిపై మినుకుమినుకుమనే ఆకుపచ్చ గీతను చూసి అందరూ వెనుకంజ వేసినప్పుడు, విజయవాడలో జరిగే శిక్షణకు తాను వెళ్తానని షీబా గారు ముందుకు వచ్చారు. అప్పటికి ఆమెకు గుడివాడ పాఠశాలలో హిందీ ఉపాధ్యాయులైన శ్రీ హనోకు గారితో వివాహమై, కాపురం గుడివాడలోనే సాగుతోంది. గుడివాడ నుంచి రోజూ బందరు ఆసుపత్రికి వచ్చే రైలు ప్రయాణంలో ఒడిలో శిక్షణ పుస్తకం పెట్టుకొని ఆదేశాలు వల్లె వేసుకుంటూ ఉంటే, పక్కన కూర్చున్నవారు బైబిలు వాక్యాలు కంఠస్థం చేస్తున్నారనుకొని ఏ సంఘమమ్మా మీది అని అడిగేవారట. శిక్షణ ముగించుకొని వచ్చి ఆమె సిస్టమ్స్ విభాగానికి తొలి ఉద్యోగిని అయ్యారు. ఆ తర్వాత గుడివాడ శాఖలో కంప్యూటర్ల ఏర్పాటును తన చేతుల మీదుగా నడిపించి, తిరిగి ప్రధాన ఆసుపత్రికి వచ్చి విభాగాధిపతి స్థాయికి ఎదిగారు.

ముప్పై అయిదేళ్ల సేవలో ఆమె పరిష్కరించిన చిక్కులు అనేకం. అయితే షీబా గారు ఎటువంటి మనిషో తెలియాలంటే, 2022 వర్షాకాలంలో మన రిపోర్టుల కౌంటరులోని ప్రింటరు పెట్టిన తంటా గురించి చెప్పుకోవలసిందే.

రక్తపరీక్షల ఫలితాలు ల్యాబులో కంప్యూటరుకు ఎక్కగానే, కౌంటరులోని నెట్‌వర్కు ప్రింటరు వాటిని అచ్చువేసి ఇవ్వాలి. ఆ వర్షాకాలంలో అది ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. కాగితం ఉంది, సిరా ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. కానీ తెరపై చూస్తే దాని పేరు పక్కన 'డిసేబుల్డ్' అని కనిపించేది. పంపిన సమాచారానికి ప్రింటరు నుంచి సరైన జవాబు రాకపోతే, ఇది పనికిరాదని తీర్మానించుకొని దానికి కాగితాలు పంపడమే మానివేయడం యూనిక్స్ స్వభావం. మనిషి వచ్చి 'ఎనేబుల్' అని ఆదేశం ఇచ్చేవరకు ఆ తీర్మానం మారదు. షీబా గారు ఆదేశం ఇచ్చేవారు, ప్రింటరు కదిలేది, నాలుగు కాగితాలు రాల్చి మళ్లీ మొరాయించేది. తీగ మార్చారు. చివరకు ప్రింటరునే మార్చి, సర్వరు గుర్తుపట్టడానికి పాతదానికి ఉన్న నెట్‌వర్కు చిరునామానే కొత్తదానికీ ఇచ్చారు. కొత్తది కూడా పాతదాని దారినే పట్టింది.

సహాయ ఇంజనీరు శ్రీ లోహిత్ ఒక ఉపాయం చెప్పారు. "మేడమ్, అది ఆగినప్పుడల్లా దానంతటదే ఎనేబుల్ అయ్యేలా చిన్న ప్రోగ్రాము రాసి పడేద్దామండీ. మనం పరిగెత్తే పని తప్పుతుంది."

కౌంటరు ముందు జనం పెరిగిపోతుండడంతో షీబా గారు అయిష్టంగానే ఒప్పుకున్నారు. దానితో కొత్త చిక్కు వచ్చిపడింది. మధ్యలో ఆగిన రిపోర్టు మళ్లీ మొదటి నుంచి రావడం వల్ల ఒకరి కాగితాలలో మరొకరి కాగితం కలిసేది. అలా కాకూడదని ల్యాబువారు ఫలితాలను చేత్తో రాసి ఇవ్వసాగారు. బంటుమిల్లి నుంచి వచ్చిన సౌభాగ్యమ్మ గారికి ఆపరేషనుకు ముందు తీసిన చక్కెర ఫలితం అటువంటి చేతిరాతలోనే పై అంతస్తు వార్డుకు వెళ్లింది. హడావుడిలో రాసిన అంకె వేరొక అంకెలా ఉండడంతో, అక్కరలేని ఇన్సులిన్ సూదికి నర్సు సిద్ధమయ్యారు. ఆ సమయానికి రౌండ్సుకు వచ్చిన డాక్టర్ వసుంధర గారు ఎందుకో అనుమానించి ల్యాబుకు ఫోను చేయడం వల్ల ప్రమాదం తప్పింది. ఆ సంగతి విన్న షీబా గారు వెంటనే తన గదిలోకి వెళ్లారు. అక్కడ మొదట చేసిన పని ఆ ప్రోగ్రామును తీసివేయడం. "జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఒళ్లు తుడుస్తూ కూర్చుంటున్నాం లోహిత్. ఆగితే ఆగనీ. ఎందుకు ఆగుతోందో తేలాలి" అన్నారు.

ఈ లోపల కార్యాలయంలో మరొక మాట పుట్టింది. దివిసీమ పల్లెలకు వైద్య శిబిరాలకు వెళ్లే వ్యాను డ్రైవరు శ్రీ దుర్గారావు, వరండాలో కంప్యూటర్ల తీగలన్నీ కలిసే నెట్‌వర్కు పెట్టె తలుపు తీస్తుండగా ఇద్దరు ముగ్గురు చూశారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే ప్రింటరు ఆగుతోందని ల్యాబువారు గమనించారు. అరిగిపోయిన టైర్లతో నాగాయలంక రోడ్డు మీద డాక్టర్లను ఎక్కించుకొని వెళ్లనని ఆయన అంతకుముందే కార్యాలయంతో గొడవ పడి ఉన్నారు. ఈ మూడూ కలిసి, దుర్గారావు కక్షతో తీగలు కదుపుతున్నాడన్న నింద తయారైంది.

పరిపాలనాధికారి శ్రీ బసవపున్నయ్య గారు షీబా గారిని పిలిపించారు. "ఈ నెలతో అతని కాంట్రాక్టు అయిపోతోందండీ. పొడిగించొద్దని అనుకుంటున్నాం. ఆ పెట్టె దగ్గర అతను చేస్తున్న పనివల్లే ప్రింటరు ఆగుతోందని మీరొక ముక్క రాసిచ్చారంటే మా పని తేలికవుద్ది."

నిజానికి షీబా గారి మనసులోనూ ఒక మూల ఆ అనుమానం లేకపోలేదు. రాసి ఇస్తే రోజూ పడుతున్న మాటలు తప్పుతాయి. సౌభాగ్యమ్మ గారి విషయంలో జరగబోయిన దానికి ఒక కారణం చూపినట్టూ ఉంటుంది. అయినా ఆమె, "తెలిస్తే రాస్తానండీ. నాకింకా తెలీదు. నెలాఖరు దాకా టైమివ్వండి" అన్నారు.

"మీరే తెలీదంటే ఇంకెవరికి తెలుస్తుందండీ?" అన్నారు బసవపున్నయ్య గారు విసుగ్గా.

"తెలుసుకుని వచ్చి చెప్తానండీ."

తిన్నగా వ్యాను దగ్గరకే వెళ్లారు షీబా గారు. దుర్గారావు అద్దం తుడుస్తున్నారు. తన గురించి ఏమనుకుంటున్నారో ఆయనకు అప్పటికే చేరింది.

"దుర్గారావు గారూ, ఆ పెట్టె ఎందుకు తీస్తున్నారండీ?"

"మీరూ అడగడానికే వచ్చారా మేడమ్? క్యాంపు నుంచి రాగానే ఈసీజీ మిషను తీగ అందులో పెట్టమని మిషను బాగుచేసినాయనే చెప్పాడండి. రోగుల ఈసీజీలు కంప్యూటర్లోకి ఎక్కాలంట. పెడుతున్నాను, మళ్లీ క్యాంపుకెళ్లేటప్పుడు తీసి వ్యానులో పెట్టుకుంటున్నాను. అంతకుమించి ఏ తీగా ముట్టుకోలేదండి. మా ఆవిడ పెడనలో కలంకారీ అద్దకం పనికెళ్తది. రంగుల్లో నాని పగిలిన ఆవిడ చేతులు చూసి కూడా ఉన్న ఉద్యోగం పాడుచేసుకుంటానా అండీ?" అని ఆగి, చేతిలోని గుడ్డ పిండుతూ, "నేను దివిసీమెళ్లిన రోజు మీ ప్రింటరు శుభ్రంగా పనిచేస్తదంట కదా. అందుకే అందరూ నన్నే అంటన్నారు" అన్నారు.

నిష్ఠూరంగా అన్న ఆ మాటే షీబా గారికి దారి చూపింది. దివిసీమకు వెళ్లేది దుర్గారావు ఒక్కరే కాదు. ఆయనతోపాటు ఈసీజీ యంత్రమూ వెళ్తోంది. వర్షాకాలానికి ముందు దానిని మరమ్మతు చేయించారన్న సంగతి అప్పుడు గుర్తుకువచ్చింది.

మర్నాడు క్యాంపు లేక ఈసీజీ యంత్రం ఆసుపత్రిలోనే ఉంది. మధ్యాహ్నం, భోజన విరామంలో కౌంటరు మూసి ఉన్న సమయాన ఆమె పరీక్షకు పూనుకున్నారు. ఒక చిరునామాకు కబురు పంపి, అక్కడ ఎవరైనా పలుకుతున్నారో లేదో చూసే 'పింగ్' అన్న ఆదేశం యూనిక్స్‌లో ఉంది. లోహిత్‌ను సర్వరు ముందు కూర్చోబెట్టి ప్రింటరు చిరునామాకు పింగ్ చేయమన్నారు. తాను కౌంటరులో నిలబడి ప్రింటరు తీగను ఊడబెరికి, ఫోనులో అడిగారు.

"ఏమైంది లోహిత్? ఆగిందా?"

"లేదు మేడమ్, జవాబులొస్తూనే ఉన్నాయి. తీగ నిజంగా తీశారా అండీ?"

"నా చేతిలోనే ఉంది బాబూ."

"మరి ఎవరు పలుకుతున్నారండీ?"

ప్రింటరు లేకపోయినా ప్రింటరు పేరున ఎవరో పలుకుతున్నారు. ఆ క్షణాన షీబా గారు పెట్టె దగ్గరకు పరుగెత్తి ఈసీజీ తీగను తానే లాగి చూసుకోవచ్చు. కానీ అలా చేయలేదు. నింద నలుగురిలో పడింది గనుక నలుగురి ఎదుటే తొలగిపోవాలని, బసవపున్నయ్య గారిని, వసుంధర గారిని, ల్యాబువారిని వరండాలోకి రమ్మని, దుర్గారావును పిలిపించారు. లోహిత్ ల్యాప్‌టాప్ తెచ్చి అందరికీ కనబడేలా బల్లమీద పెట్టారు. ప్రింటరు తీగ ఇంకా ఊడదీసే ఉన్నా తెరపై జవాబులు వరుసగా దిగుతున్నాయి.

"దుర్గారావు గారూ, మీ ఈసీజీ తీగ తియ్యండి."

ఆయన బెరుకుగా తీశారు. తెరపై జవాబులు నిలిచిపోయాయి.

"పెట్టండి."

జవాబులు మళ్లీ మొదలయ్యాయి.

మరమ్మతు సమయంలో ఆ యంత్రంలోని అమరికలన్నీ చెరిగిపోయి, తయారీనాటి చిరునామా తిరిగి వచ్చింది. కాకతాళీయంగా అదే మన ప్రింటరు చిరునామా. ఒకే చిరునామాకు ఇద్దరు పలుకుతుంటే, సర్వరు పంపిన రిపోర్టు ఒకసారి ప్రింటరుకు, ఒకసారి ఈసీజీ యంత్రానికి చేరుతోంది. రిపోర్టును ఏం చేసుకోవాలో ఈసీజీ యంత్రానికి తెలియదు కనుక తిరస్కరిస్తోంది. ఆ తిరస్కారాన్ని ప్రింటరుకు అంటగట్టి యూనిక్స్ దానిని ఆపివేస్తోంది. షీబా గారు ఈ సంగతిని వివరించడం ముగించేసరికి వరండాలో ఎవరూ దుర్గారావు ముఖంలోకి సూటిగా చూడలేకపోయారు.

బసవపున్నయ్య గారే ముందు తేరుకున్నారు. "తొందరపడ్డామయ్యా దుర్గారావూ. ఏమీ అనుకోకు. కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను."

"నా సంగతికేముందిలెండి సార్," అన్నారు దుర్గారావు. "ఆ టైర్లు మాత్రం మార్పించండి."

వసుంధర గారు ఫక్కున నవ్వారు. ఆ వెనుకే అందరూ నవ్వారు. ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయి ఉన్న వరండా ఒక్కసారిగా సడలినట్టయింది. ఈసీజీ యంత్రానికి వేరొక చిరునామా ఇచ్చి, షీబా గారు ఆఖరిసారిగా 'ఎనేబుల్' ఆదేశం ఇచ్చారు. నిలిచిపోయిన రిపోర్టులు ఒకదాని వెంట ఒకటి వెచ్చవెచ్చగా వచ్చి పడుతుంటే, ఆమె ప్రింటరు పక్కన కుర్చీ వేసుకొని, చివరి కాగితం దాకా కదలకుండా చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఎవరో టీ తెచ్చి ఇస్తే, ఉదయం నుంచి ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తుకువచ్చిందట. గేటు దగ్గర దుర్గారావు పెడనకు ఫోను చేసి, "ఏం లేదు, ఉద్యోగం ఉంది. కంగారు పడకు" అని భార్యకు చెబుతున్న మాట కిటికీలోంచి వినిపించి, ఆమె కళ్లు తుడుచుకోవడం లోహిత్ చూశారు. ఆ నెలలోనే కాంట్రాక్టు పొడిగింపు వచ్చింది. టైర్లు కూడా వచ్చాయి.

ఆ తర్వాత షీబా గారు గుడివాడ, అవనిగడ్డ శాఖలతో సహా ప్రతి యంత్రానికీ ప్రత్యేకమైన చిరునామా ఏర్పాటు చేసి, బయటివారెవరూ తన విభాగానికి చెప్పకుండా ఏ తీగనూ తగిలించరాదన్న నియమాన్ని తెచ్చారు. కౌంటరు ప్రింటరు నేటికీ పనిచేస్తోంది. సౌభాగ్యమ్మ గారు ఆపరేషను సుఖంగా జరిగి ఇంటికి వెళ్లి, ఆ క్రిస్మస్‌కు డాక్టరు గారికీ షీబా గారికీ చెరొక డబ్బా అరిసెలు పంపించారు. తన పేరు ఆ డబ్బా మీద ఎందుకు ఉందో తెలియక షీబా గారు తిరిగి ఇవ్వబోతే, వసుంధర గారు "తినండి షీబా గారూ, తినే హక్కు ఉంది" అని మూత తీసి పెట్టారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న షీబా గారు, బాధ్యతలను శ్రీ లోహిత్‌కు అప్పగించారు. తాళాలు అందుకుంటూ ఆయన, "ఏదన్నా తోచకపోతే ఫోన్ చెయ్యొచ్చా మేడమ్?" అని అడిగారు.

"చెయ్యి బాబూ. కానీ ముందు భోంచేశారా అని అడుగు. సర్వరు సంగతి ఆ తర్వాత."

సేవాకాలమంతా పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిన షీబా గారు ఇకపై హనోకు గారితో కలిసి తీరికగా, వేడివేడిగా, కడుపునిండా భుజించుదురు గాక. ఆరోగ్యం ఆమె ఇంట కాపురం ఉండుగాక. ఫోను మోగినప్పుడు ఉలికిపాటు కాక ఉల్లాసమే కలిగే నిండు నూరేళ్ల జీవితం ఆమెకు లభించాలని సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాము.