బల్లల మధ్య సందు

హలో… ఆ, నేనే. లొవైనాని. నీ అక్కనే… పొలం చివర ఫోన్ గదిలోంచి నీకు ఇంకెవరు చేస్తారు?… లేదు లేదు, అమ్మ బాగానే ఉంది. అదే తంటా.

…ఊఁ, గురువారం బస్సు సంగతే. రొట్టెలెన్ని కాల్చాలని కాదు. నోరు మూసుకుని విను ఓర్ఫా. పొద్దున్నుంచీ పాలు పిండి చేతులు పీకుతున్నాయి, రెండుసార్లు చెప్పే ఓపిక లేదు.

నిన్న సంఘం పెద్ద, డీకన్ మెనో వచ్చాడు… ఎందుకేంటి? నువ్వు వెలిపడ్డ మనిషివి. బాప్తిస్మం పుచ్చుకున్నాక సంఘం వదిలి, కారు నడిపేవాణ్ణి కట్టుకున్నావు. నీతో ఒకే బల్ల మీద తినకూడదు, నీ చేతిలోంచి ఏదీ అందుకోకూడదు… తెలుసులే నీకు. తెలిసే కదా ఆ టూరిస్టు బస్సుకి గైడువయ్యావు! కరెంటూ కార్లూ ముట్టని ఆమిష్ ఇంటి భోజనం చూపిస్తానని జనాన్ని వెంటేసుకుని అమ్మ దగ్గరికొస్తావు… నేను తప్పనట్లేదే. మాకొకటి, నీకూ అతిథులకూ ఒకటి, రెండు బల్లలేసి, మధ్య బెత్తెడు సందు వదిలి, పైన ఒకే గుడ్డ పరిచేది నేనేగా. చూసేవాళ్ళకి ఒకటే బల్ల. సంఘానికి రెండు.

…నవ్వకు. పోయిన వారం బస్సులో వచ్చిన ఆ ఎర్రటోపీ ఆయన లేడూ? “నిజంగానే కరెంటు లేకుండా ఉంటారా” అని అమ్మనడిగాడు. బస్సు కదలగానే ఫ్రిజ్జు బయటికి లాగుతాం అనుకున్నాడేమో.

అప్పుడే… ఆ. నువ్వు నూడుల్స్ గిన్నె ఎత్తి అమ్మ వైపు చాపావు… అలవాటో పొరపాటో! బల్ల మీద పెట్టాలి, నువ్వు చెయ్యి తీశాక తను తీసుకోవాలి. అమ్మేమో నీ చేతిలోంచే అందుకుంది. వడ్డించడానికొచ్చిన మా ఆడపడుచు చూసింది. ఇంకేం, డీకన్ చెవిన పడింది!

…నేనూ అదే చెప్పానే! ముసలిదైంది, మర్చిపోయిందన్నాను. డీకనూ మంచివాడే, “మర్చిపోయావు కదూ అవ్వా” అని మాట తనే అందించాడు. అమ్మ ఊఁ అంటే అయిపోయేది.

…“మర్చిపోలేదు” అంది. “నా కూతురు ఇచ్చింది, తీసుకున్నాను. మళ్ళీ ఇచ్చినా తీసుకుంటాను” అంది.

…అవునే, డీకన్ మొహం మీదే.

ఏముంది ఇక. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ మోకాళ్ళూని, తప్పయింది, ఇక చెయ్యను అనాలి. మోకరిస్తుందట. ఇక చెయ్యనని మాత్రం అనదట. అనకపోతే… ఆ. తననీ వెలేస్తారు.

…వద్దు, వేరే గైడుని పంపకు. నువ్వు ఇక రావొద్దని చెప్పడానికే ఇంట్లోంచి బయల్దేరాను… నిజం. గుమ్మం దాటబోతుంటే వెనక చప్పుడు. అమ్మ తన కుర్చీ తనే ఈడ్చుకెళ్ళి అతిథుల బల్ల దగ్గర వేసుకుంటోంది. ఆదివారం దాకా ఆగమ్మా అంటే, “అలవాటవ్వాలి కదే” అంది.

…ఏడవకు. నువ్వేడిస్తే నేనీ డొక్కు గదిలో నిలబడలేను… కోపం రాదా మరి! కన్నతల్లికి కూతురి చేతి కూడు పనికిరాదన్నవాళ్ళ మీద రాదూ?… అయినా, మన కొట్టం కాలిపోతే ఒక్కరోజులో లేపి నిలబెట్టింది కూడా వాళ్ళేగా. ఎవర్నని తిట్టను? అలిసిపోయానే.

…వస్తున్నా మహాలా, ఒక్క నిమిషం!… పక్కింటావిడ. ఆవు ఈనలేక అల్లాడుతోందట, పశువుల డాక్టరుకి చెయ్యాలట. పెట్టేస్తా.

గురువారం బస్సు తీసుకురా. అమ్మ పక్కనే కూర్చో… నేనా? ఇవతలి బల్ల దగ్గరుంటా, పిల్లలతో… గిన్నె మాత్రం నా వైపు చాపకు.

…భయం కాదే. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు.