జై అంటే తొక్కుడు

"నేను గొప్పలు చెప్పుకునేటోణ్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్త, జర ఇనుండ్రి," అంటూ మానుకోటలో జమున చాయ్ కొట్టు బల్ల మీద కాళ్లు ముడుచుకుని మొదలుపెట్టాడు బాల్‌సింగ్. పక్కనే శ్రీపాల్ పటేల్ బీరువాల షాపు. అందులో రేకులు అతికించే పని బాల్‌సింగ్‌ది.

"సకలజనుల సమ్మెకు ముంగట పటేల్ ఒక పెద్ద స్పాట్ వెల్డింగు మిషన్ తెచ్చిండు. పెడల్ తొక్కితే చాలు, ఒక్క ఫేజు కరెంటంత అదే తాగుడు. గల్లీ బల్బులు గుడ్డిగైతున్నయి, జమునక్క మిక్సీ మూలుగుతున్నది. గల్లీవాళ్లు పరేషానై, తెల్లారి షాపుకు తాళమేస్తమన్నరు. తాళం పడితే ఆడ పనిజేసే ముగ్గురం, నేను, ధన్‌సింగ్, జాల్యా, మల్ల కూలికి పుణె బస్సెక్కుడే. పటేలేమో ఇంకా పెద్ద మిషన్ తెస్తనంటుండు. ఆగు పటేలా, అని నేనన్న. గిది వాపస్ ఇయ్యి, ఒక్క తీరువి మూడు చిన్నయి తే, మూడు ఫేజులకు పంచుదాం. ఎవ్వని వాటా వానికి. మనం కొట్లాడేది గదేనాయె."

"మూడు ఒక్కసారి తొక్కకపోతే మల్ల ఒక్క దిక్కే గుంజదా?" బల్ల చివర కూర్చున్న ధన్‌సింగ్ జవాబు తెలిసే అడిగాడు.

"గక్కడనే ఉంది నా తెలివి. జై అంటే తొక్కుడు, తెలంగాణ అంటే కాలు తీసుడు. రాత్రికి రాత్రే చిన్న మిషన్లు దిగినయి, తెల్లారి బజార్ల సమ్మె ర్యాలీ. మేం జై అంటే ర్యాలీ తెలంగాణ అంటున్నది. ఒక్క జైకి ఒక్క బీరువా. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బీరువాలు షాపుల పట్టక రైలు పట్టాల దాంక వరుస కట్టినయి. జనగామ షాపులోళ్లు గూడ మాతోనే తొక్కవట్టిరి. చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీల మీటరు ముళ్లు మూడు ఒక్కతాన నిలవడ్డయి. ఆడి పెద్దసారు ఫోన్ జేసి, బాల్‌సింగన్నా జర నిదానంగ తొక్కు, మా ముళ్లు కదుల్తలేవు అన్నడు. కాళేశ్వరంకాడ గోదారి సుత రెండొడ్లకు సమానంగ పారింది. ఇగ జమునక్క బల్బు? ఇంత గూడ వణకలే."

జమున చాయ్ వడపోస్తూ అంది. "నిజమే తమ్మీ, వణకలే. ఆ దినం సమ్మెకు పొద్దంత కరెంటే లేదు."

బల్ల మీదున్నవాళ్లు గొల్లున నవ్వారు.

"మరి తాళమెందుకు పడలే?" బాల్‌సింగ్ గొంతు తగ్గింది.

"తాళం నా చేతికే ఇచ్చిన్రు. ఎయ్యనీకి వస్తే మీరు ముగ్గురు కరెంటు లేని మిషన్ల మీద చెమటలు గక్కుకుంట, జై తెలంగాణ అని కాళ్లు కలుపుతున్నరు. ఒక్కని కాలు తప్పుతలేదు. ఎయ్య బుద్ధిగాలే. కరెంటొచ్చేదాంక ఆగుండ్రని గల్లీవాళ్లకు చెప్పిన."

"కరెంటొచ్చినంక బల్బు నిజంగనే వణకలే," అన్నాడు ధన్‌సింగ్.

బాల్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. "గిది నాకు తెల్వదక్కా. నీ కడుపు సల్లగుండ. నీవల్లనే మా పోరలు పుణె పోకుంట ఈడ బడికి పోతున్నరు." కళ్లు తుడుచుకుని అడిగాడు. "ఆ తాళం ఏంజేసినవ్?"

జమున చక్కెర డబ్బా ముందుకు జరిపింది. తాళం దానికే వేలాడుతోంది.

"నువ్వు కోతలు కోసుకుంట చక్కెర బుక్కుతవ్ కద తమ్మీ. గందుకే ఏసిన."